ఓడ జాబితాలో లేని గడి

1860 అక్టోబర్‌లో మద్రాసు నుంచి నేటాల్‌కు కూలీలతో బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ జాబితాను నేను సాహిత్యపాఠంగానే చదువుతాను. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది గుర్తులు. అంతే. ఓడెక్కేముందు కుటుంబాలు రేవులో ఎదురుచూసిన రోజులకు అందులో గడి లేదు. ఆమె ఎందుకొచ్చిందో రాసే గడీ లేదు. వందమంది పురుషులకు నలభైమంది స్త్రీలుండాలన్న నిబంధన తర్వాత వచ్చింది. అప్పుడూ ఆమె కావాల్సింది లెక్కకే!

మన వలస సాహిత్య విమర్శ సైతం ‘కూలీ’ అనగానే మగవాణ్ణే ఊహిస్తుంది. గోదావరిఖని నుంచి చదివేవాళ్లకు ఇదేం వింత కాదు. 1952 గనుల చట్టం స్త్రీని భూగర్భంలోకి రానివ్వలేదు, 2019లో సడలించేదాకా. బొగ్గు కథల్లో ఆమె ఎక్కువగా క్వార్టర్ గుమ్మంలో, షిఫ్టు దిగే మనిషి కోసం నిలబడి ఉంటుంది. ఏం ఆలోచిస్తూ నిలబడిందో రచయిత అడగడు.