మెరకా, పల్లమా?

ఆగస్టు సగానికి వచ్చిందంటే ఉదయం ఏడింటికి నాకొక పని పడుతుంది. కాఫీ గ్లాసు పట్టుకుని అట్లాంటిక్ మహాసముద్రం మ్యాపు తెరుస్తాను. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఆరేసి గంటలకొకసారి దాన్ని మారుస్తుంటుంది. మా హ్యూస్టన్ గడియారంలో ఒంటిగంట, ఏడు, మళ్లీ ఒంటిగంట, ఏడు. ఈ రోజుల్లో ఆఫ్రికా పడమటి తీరం దగ్గర ఒక పసుపు మరక తరచూ కనిపిస్తుంది. రాబోయే 7 రోజుల్లో అక్కడ వాయుగుండం పుట్టే అవకాశం 40 శాతం కన్నా తక్కువని దాని అర్థం. 40 నుంచి 60 అయితే నారింజ, ఆపైన ఎరుపు. మరకలేమీ లేని రోజున కాఫీ కాస్త రుచిగా ఉంటుంది.

ఆఫ్రికా నేల మీద పుట్టిన గాలి అలలు సముద్రంలోకి దిగి, 26 డిగ్రీలు దాటి వెచ్చబడ్డ నీళ్ల మీదుగా పడమటికి నడుస్తాయి. చాలావాటికి దారిలోనే ఆయుష్షు తీరిపోతుంది. ఒకటీ అరా బతికి, బలిసి, కరేబియన్ దాటి మా గల్ఫ్‌లోకి వస్తాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు సీజన్ అంటారు గానీ, అసలు గండం ఆగస్టు చివర, సెప్టెంబరులోనే. మన బంగాళాఖాతంలో శ్రావణ భాద్రపదాల్లో అల్పపీడనాలు వరసగా లేచినా, ఆ కాలంలో కింది గాలికీ పై గాలికీ పొంతన కుదరదు కాబట్టి అవి పెను తుపాన్లు కావడం అరుదు. మన తుపాన్లు ఎండాకాలంలోనో, దసరా దాటాకో వస్తాయి. అందుకే మా అమ్మకు ఈ సెప్టెంబరు గండం ఇప్పటికీ వింతే.

అమ్మ ఉండేది నాగాయలంక దగ్గర. టీవీలో ‘అమెరికాలో పెను తుపాను’ అని కనిపిస్తే చాలు, ఫోన్ మోగుతుంది. అది ఫ్లోరిడాకా, టెక్సస్‌కా అన్న పట్టింపు ఆవిడకు లేదు.

‘‘ఏరా, వస్తుందా, రాదా?’’

‘‘20 శాతమమ్మా.’’

‘‘శాతాలు నాకెందుకు? వస్తుందా, రాదా?’’

‘‘ఇప్పుడే చెప్పలేం.’’

‘‘అంత పెద్ద దేశం, ఆ మాత్రం చెప్పలేరూ? సర్లే, మీ ఇల్లు మెరకేనా?’’

మొదటి ప్రశ్నకు ఏళ్ల తరబడి విసుక్కున్నాను. రెండోదానికి నవ్వేవాణ్ణి. హ్యూస్టన్ పళ్లెంలా చదునైన ఊరు. ఇక్కడ మెరకేంటి, పల్లమేంటి?

విసుక్కున్నానే గానీ, మొదట్లో నేనూ అమ్మలాగే చదివేవాణ్ణి. తుపాను పుట్టగానే మ్యాపు మీద తెల్లటి కోన్ గీస్తారు. మన ఊరు కోన్ లోపలుంటే దడ, బయటుంటే నిద్ర. ఆ కోన్ వెడల్పే తుపాను వెడల్పు అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది దాని మర్మం. గత 5 ఏళ్లలో తమ అంచనాలు ఎంతెంత దూరం తప్పాయో లెక్కకట్టి, ఆ తప్పుల్లో మూడింట రెండు వంతులు ఇమిడేలా వలయాలు గీసి కలుపుతారు. తుపాను కేంద్రం మూడింట ఒక వంతు సార్లు ఆ గీత దాటి పోవచ్చని వాళ్లే ఒప్పుకుంటున్నారన్నమాట. గాలి, వాన, ఉప్పెన ఎంత దూరం పాకుతాయో కోన్ అసలు చెప్పదు. నన్నడిగితే అది వాళ్లు తమ తప్పులతో గీసుకున్న బొమ్మ. అది తెలిశాకే నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది.

తప్పు ఒప్పుకోని అంచనా ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడికి 80 కిలోమీటర్లలో గాల్వెస్టన్ ఉంది. సముద్రంలో ఒక సన్నటి ఇసుక దీవి. 1891లో అక్కడి వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్, ఈ ఊరిని తుపాను పెద్దగా దెబ్బతీస్తుందనుకోవడం ఉత్త భ్రమ అని పత్రికలో వ్యాసం రాశాడు. 1900 సెప్టెంబరులో క్యూబా దాటిన తుపాను గల్ఫ్ వైపు వెళుతోందని క్యూబా నిపుణులు గ్రహించారు. అమెరికా వాతావరణ శాఖకు వాళ్లంటే చులకన. అది ఉత్తరానికి తిరిగి అట్లాంటిక్‌లోకి పోతుందని తీర్మానించుకుంది. సెప్టెంబరు 8న గాల్వెస్టన్ మీదికి 15 అడుగుల ఉప్పెన వచ్చింది. ఆనాడు దీవిలో అత్యంత ఎత్తైన చోటు 9 అడుగులైనా లేదు. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 6 వేల మంది. అందులో గర్భవతిగా ఉన్న క్లైన్ భార్య కూడా ఉంది. ఆ తర్వాతే సముద్రానికి అడ్డుగోడ కట్టి, ఊరి నేలనే ఎత్తు పెంచారు.

అందుకే ఇప్పుడు అంకెల కన్నా ‘ఫోర్‌కాస్ట్ డిస్కషన్’ మీద మనసు పోతుంది. మా స్థానిక వాతావరణ కార్యాలయంలో డ్యూటీలో ఉన్నవాళ్లు ప్రతిరోజూ రాసే నాలుగు పేరాలు అవి. 2016 దాకా టెలిప్రింటర్ కాలపు అలవాటుతో అంతా పెద్దక్షరాల్లోనే రాసేవారు. చదువుతుంటే ఎవరో అరుస్తున్నట్టుండేది. అరుపుల్లోనూ ఎంత నిదానమో! ఒక మోడల్ ఇటంటోంది, ఇంకో మోడల్ అటంటోంది, మాకు ఫలానా కారణంగా ఇటు మొగ్గు, కానీ నమ్మకం తక్కువ. పంచాయితీలో ఇరుపక్షాలా విన్న పెద్దమనిషి తీర్పులా ఉంటుంది.

సీజన్ ముందే వచ్చే అంచనాలు వేరు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో విలియం గ్రే 1984లో మొదలుపెట్టిన ఆనవాయితీ అది. సగటున ఏడాదికి 14 పేరున్న తుపాన్లు, అందులో 7 హరికేన్లు. ఈసారి అంతకన్నా ఎక్కువా, తక్కువా? ఉగాది పంచాంగ శ్రవణంలో ఎన్ని తూముల వాన, అందులో సముద్రం మీద ఎన్ని భాగాలు, నేల మీద ఎన్ని అని వింటామే, అలా ఆసక్తిగా వింటాను. ఇది లెక్కలతో వేసిందే గానీ, నా పొలంలో పడుతుందో లేదో ఆ పంచాంగమూ చెప్పదు, ఇదీ చెప్పదు. 1992లో తుపాన్లు తక్కువే. ఆగస్టు సగం దాకా ఒక్కదానికీ పేరు పెట్టే పని పడలేదు. మొదట పేరు పెట్టించుకున్నది ఆండ్రూ. ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాను నేలమట్టం చేసింది.

నాకు పాఠం చెప్పింది మాత్రం హార్వీ. 2017 ఆగస్టు 19న అది కరేబియన్‌లో చెదిరిపోయి మళ్లీ ఉత్త గాలి అలగా మిగిలింది. పీడ వదిలిందనుకున్నాం. 23న గల్ఫ్‌లో మళ్లీ వాయుగుండమైంది. 25 రాత్రికి నాలుగో కేటగిరీ హరికేన్‌గా రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. రాక్‌పోర్ట్ మాకు 200 కిలోమీటర్ల పైమాటే. గాలి మా దాకా రాలేదని ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడది కదలడం మానేసింది.

రెండో రోజు రాత్రి గొడుగేసుకుని వీధి చివరి కాలవ జాలీ దగ్గర నిలబడ్డాను. అప్పటిదాకా గుటకలు వేస్తూ నీళ్లు మింగిన జాలీ కాసేపు ఊరుకుంది. తర్వాత బుడగలొచ్చాయి. ఆపైన మింగినదంతా కక్కడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి వీధి ఏరైంది. ఎదురింటివాళ్ల గుమ్మం మా గుమ్మం కన్నా జానెడు పల్లం. అన్నేళ్లుగా రోజూ చూస్తున్నా నా కంటికి ఆనలేదు. నీళ్లకు ఆనింది. వాళ్ల హాల్లో జానెడు నీళ్లు. మా గుమ్మం అంచు తడిసి, అక్కడితో ఆగింది. వాళ్లంతా మా మేడ మీదికి వచ్చారు. ఆ వారమే వినాయక చవితి. మెట్ల మీద కూర్చున్న మా పాప, వాకిట్లో నీళ్లు చూసి, వినాయకుణ్ణి ఇక్కడే నిమజ్జనం చేసేద్దామా అనడిగింది.

హ్యూస్టన్‌కు తూర్పున నెదర్లండ్ అనే ఊళ్లో 60.58 అంగుళాల వాన పడింది. మీటరున్నర. కృష్ణా జిల్లాలో ఏడాదంతా పడేది దాదాపు ఒక మీటరు. వాతావరణ శాఖ వాళ్లకు వాన మ్యాపులో రంగులు చాలక, కొత్తగా రెండు ఊదా రంగులు కలపాల్సి వచ్చింది.

నీళ్లు తీశాక అమ్మకు ఫోన్ చేశాను. జానెడు సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎన్నడూ పెద్దగా ఎత్తని 1977 నవంబరు 19 సంగతి ఎత్తింది.

‘‘రేడియోలో తుపానన్నారురా. తుపానంటే గాలీ వానే గదా, తలుపులేసుకు కూర్చుంటే పోతుందనుకున్నాం. సముద్రం లేచి వస్తుందని ఎవరికి తెలుసు? మాది మెరక. మా పెద్దమ్మా వాళ్లది పల్లం.’’

అంతే చెప్పింది. దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు పది వేలకు పైనే అని నేను పుస్తకాల్లో చదివాను. ‘మీ ఇల్లు మెరకేనా’ అన్న ప్రశ్న ఎక్కడి నుంచి వస్తోందో ఆ రోజు దాకా అర్థం కాలేదు.

చిత్రమేమిటంటే, అమెరికా వాతావరణ శాఖ కూడా చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వచ్చింది. 2008లో వచ్చిన ఐక్ హరికేన్ గాలి లెక్కన రెండో కేటగిరీయే. కానీ గాల్వెస్టన్ పక్కనున్న బొలివర్ ద్వీపకల్పాన్ని 15 అడుగులు దాటిన ఉప్పెన ఊడ్చేసింది. కేటగిరీ అంకె చూసి జనం నీళ్లను తక్కువ అంచనా వేస్తున్నారని, 2010లో ఉప్పెన ఎత్తుల్ని ఆ కొలమానంలోంచి తీసేశారు. 2017 నుంచి ఉప్పెనకు విడిగా హెచ్చరిక ఇస్తున్నారు. అందులో చెప్పేది నేల మట్టానికి పైన ఎన్ని అడుగుల నీళ్లు నిలుస్తాయన్నది. మెరకా, పల్లమా?

వస్తుందా రాదా అన్నదానికి జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ శాతాల్లోనే ఉంటుంది. అలా ఉండటమే మంచిదని గాల్వెస్టన్ చెబుతోంది. వస్తే నా గుమ్మం ఎంత ఎత్తులో ఉంది, ఏ దారి ముందు మునుగుతుంది, పక్కింటి ముసలాయన్ని ఎవరు తీసుకెళ్లాలి అన్నవి ఏ మ్యాపులోనూ ఉండవు. ఆ లెక్క నేనే వేసుకోవాలి.

ఈ ఉదయం మ్యాపులో మళ్లీ ఒక పసుపు మరక. మధ్యాహ్నానికల్లా ఫోన్ మోగింది. ఈసారి ఆవిడ అడిగేలోపే చెప్పాను.

‘‘మెరకేనమ్మా. ఎదురింటి కన్నా జానెడు.’’

‘‘జానెడు మెరక కూడా ఓ మెరకేనా? ఇంటి కాగితాలు పైకెత్తి పెట్టుకో.’’

ఫోన్ పెట్టేసి కింది సొరుగు తెరిచాను. కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి.