కొలిచిన గ్రహం, గీసిన గ్రహం

ఈ చిత్రాన్ని మీరు ఏ పత్రికలోనో, ఫోన్‌లోనో చూసే ఉంటారు. ముదురు నీలిరంగు గోళం, దాని మీద తెల్లని మేఘాల చారలు, పక్కనే మండుతున్న నక్షత్రం. కింద ‘గాజు వర్షం కురిసే గ్రహం’ అన్న శీర్షిక. ఆ గ్రహం పేరు హెచ్‌డి 189733బి. మనకు సుమారు 64 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాన్ని 2005లో కనుగొన్నారు. ఈ పాఠంలో మన విమర్శకు వస్తువు ఆ గ్రహం కాదు, ఆ చిత్రమూ దాని కింది రాతా. ఒక కథానికను ఎంత నిశితంగా చదువుతారో వీటినీ అలాగే చదవండి.

మొదట ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ గ్రహాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. మన దూరదర్శినులకు నక్షత్రమూ గ్రహమూ కలిసి ఒకే వెలుగుచుక్కగా అందుతాయి. శాస్త్రజ్ఞులకు దొరికేది ఆ చుక్క కాంతిలోని మార్పులే. 2.2 రోజులకొకసారి గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటుతుంది. అప్పుడు కాంతి సుమారు 2.4 శాతం తగ్గుతుంది. మీరే లెక్క వేయండి. 0.024కు వర్గమూలం సుమారు 0.155. అంటే గ్రహం వ్యాసార్థం నక్షత్రం వ్యాసార్థంలో ఆరో వంతుకు కొంచెం తక్కువ. ఇది ఇంటర్మీడియట్ గణితం. దీనికి చిత్రకారుడి సాయం అక్కరలేదు. నక్షత్రం అటూ ఇటూ ఊగే వేగాన్ని బట్టి గ్రహం ద్రవ్యరాశి బృహస్పతి కంటే కొద్దిగా ఎక్కువని తేలింది. ఇవి గట్టి నేల.

ఇక నీలిరంగు. 2013లో హబుల్ దూరదర్శినితో, గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లే సమయంలో మొత్తం కాంతిని కొలిచారు. నీలి కాంతి కొద్దిగా తగ్గింది. ఆకుపచ్చ కాంతిలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. కాబట్టి గ్రహం నీలి కాంతిని ఎక్కువగా పరావర్తనం చేస్తోందన్నారు. ఆ నీలి, అతినీల భాగంలో వచ్చిన విలువ 40 శాతం, అనిశ్చితి అటూ ఇటూ 12 శాతం. చిత్రంలో ఈ 12 శాతం ఎక్కడుంది? కుంచెకు అనిశ్చితిని గీయడం రాదు. ఒకే ఒక్క నీలాన్ని ఎంచుకోక తప్పదు. పైగా ఆ తెల్లని చారలను ఎవరూ కొలవలేదు.

గాజు సంగతి ఇంకా రుచికరం. గ్రహం అంచుల గుండా వచ్చిన కాంతిలో నీలం వైపు కనబడిన తేడాను వివరించడానికి, వాతావరణంలో సిలికేట్ సూక్ష్మకణాలు ఉండవచ్చని ప్రతిపాదించారు. 2014లో కొందరు పరిశోధకులు, నక్షత్రం మీది మచ్చల వల్ల కూడా అలాంటి తేడా రాగలదని చూపారు. ఆ పదేళ్లలో శీర్షికలు మాత్రం మారలేదు. తరువాత 2024లో జేమ్స్ వెబ్ దూరదర్శిని పరారుణ పరిశీలనల్లో క్వార్ట్జ్ మేఘాల ఆనవాళ్లు దొరికాయి. ‘చూశారా, వాళ్లు ముందే సరిగ్గా చెప్పారు!’ అంటారేమో. తొందరపడకండి. క్వార్ట్జ్ స్ఫటికం, గాజు కాదు. మేఘం వేరు, వర్షం వేరు. పడుతున్న చుక్కను ఇప్పటికీ ఎవరూ కొలవలేదు.

ఆ వాన అడ్డంగా కురుస్తుందన్నది మరో అల్లిక. గాలి నిజమే. చిలీలోని లా సిల్లా వేధశాలలో సేకరించిన వర్ణపటాల నుంచి సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగమని 2015లో ప్రకటించారు. అయితే అందులో గ్రహం తన ఒకే ముఖాన్ని నక్షత్రం వైపు తిప్పి ఉంచుతుందన్న ఊహ ఇమిడి ఉంది. బలమైన ఊహే, కానీ ఊహ. కొలిచిన గాలికి, అనుమానించిన కణాలను కలిపితే అడ్డంగా దూసుకొచ్చే గాజు వాన తయారైంది.

చిత్రకారుల మీద నాకు ఫిర్యాదు లేదు. అది కళాకారుడి ఊహ అని మొదట విడుదల చేసినవాళ్లు స్పష్టంగానే రాశారు. నకలు మీద నకలు తీసేటప్పుడు ఆ మాట రాలిపోయింది. ఇదే గ్రహంపై నాసా ‘రెయిన్స్ ఆఫ్ టెర్రర్’ పేరుతో భయానక సినిమా పోస్టర్ వేసింది. నా దృష్టిలో అది వార్తల కంటే నిజాయతీ గలది. సినిమా పోస్టర్‌ను ఎవరూ ఫోటో అనుకోరు. నా అభ్యంతరం క్రియాపదాల మీద. ‘ఉండవచ్చు’ అన్నది ‘ఉంది’గా, ‘కురవవచ్చు’ అన్నది ‘కురుస్తుంది’గా మారిపోతాయి. తెలుగులో ‘అట’ అనే చక్కని మాట ఉంది. మన అమ్మమ్మలు రాజుగారి కథ చెప్పేటప్పుడు కూడా దాన్ని వదలరు. సైన్సు వార్త రాసేవారు వదిలేశారు. ఇక్కడ ‘అట’ కూడా పూర్తిగా సరిపోదు. అది విన్న మాటకు గుర్తు, లెక్కకట్టిన మాటకు కాదు. ‘అని అంచనా’ అంటే సరిపోయేది. సమాధాన పత్రాల్లో ‘ఈ గ్రహంపై గాజు వర్షం కురుస్తుంది’ అన్న వాక్యానికి నేను సగం మార్కులే ఇచ్చేవాణ్ణి. వ్యాసార్థం లెక్కను చూపినవారికి పూర్తిగా ఇచ్చేవాణ్ణి.

అభ్యాసం: 2024లోనే జేమ్స్ వెబ్ ఈ గ్రహ వాతావరణంలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గుర్తించింది. ‘కుళ్లిన గుడ్ల కంపు కొట్టే గ్రహం’ అని వార్తలు వచ్చాయి. అక్కడి వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్. ఈ శీర్షికలో పరికరం చెప్పినదెంత, రచయిత ముక్కు చెప్పినదెంత? పది వాక్యాల్లో రాయండి.