ఆగసీ హిమానీనద గ్రంథం - ఒక విమర్శ

లూయీ ఆగసీ 1840లో ఫ్రెంచి భాషలో ప్రకటించిన ‘హిమానీనదాల అధ్యయనం’ అనే గ్రంథం పేరెత్తని భూగర్భశాస్త్ర చరిత్ర అరుదు. మంచుయుగ సిద్ధాంతానికి ఆయనను జనకునిగా పేర్కొనుట ఆచారమైపోయినది. నాకు ఈ మాట పూర్తిగా సమ్మతం కాదు.

ముందు గ్రంథంలోని బలాన్ని చూతము. స్విట్జర్లాండులోని జ్యూరా కొండలు సున్నపురాతి కొండలు. వాటి వాలులపై అక్కడక్కడ పెద్ద పెద్ద గ్రానైటు బండలు పడి ఉన్నవి. అవి ఆ కొండలవి కావు, ఆల్ప్స్ పర్వతాలవి. నడుమ విశాలమైన పల్లపు నేల ఉన్నది. ఇంత బరువును అంత దూరం మోసినదెవరు? మహాప్రవాహాలని ఆనాటి పండితులు పలువురు అన్నారు. ఆగసీ మనలను నేడు కదులుతున్న హిమానీనదం వద్దకే తీసికొనిపోతాడు. హ్యూగీ అనే పరిశోధకుడు 1827లో ఊంటరార్ హిమానీనదంపై కట్టుకొన్న గుడిసె, 1839 నాటికి ఒక కిలోమీటరుకు పైగా దిగువకు జరిగియుండుట ఆయన కన్నులార చూచినాడు. అట్లు కదిలే మంచు అడుగున ఇరుక్కొన్న రాళ్లు ఆకురాయి వలె కింది శిలను రాచి, నునుపు చేసి, ఒకే దిశలో గీతలు పెడతవి. నీరు మోసిన రాయి గుండ్రబడుతుంది. ప్రవాహవేగం తగ్గినకొద్దీ ముందు గులకరాళ్లు, పిదప ఇసుక, చివరకు ఒండ్రు దిగుతవి. మంచుకు ఈ ఎంపిక లేదు. ఏనుగంత బండనూ పిండివంటి మన్నునూ ఒక్కచోటనే కుమ్మరిస్తుంది. మంచు జాడయే లేని లోయలలో ఈ గుర్తులు కనబడితే, పూర్వం అక్కడ మంచు ఉండెననుట తప్ప వేరు దారి లేదు. గ్రంథంలో ఈ భాగం నేటికీ చెక్కుచెదరలేదు.

కాని ఈ చూపు ఆగసీకి అరువు వచ్చినదే. పెరోదాఁ అనే వేటగాడు 1815లోనే ఈ సంగతి షార్పాంటియేకు చెప్పినాడు. అప్పుడు షార్పాంటియే నమ్మలేదు. తరువాత వెనెట్జ్ అనే ఇంజనీరు ఆయనను ఒప్పించినాడు. ఆగసీని 1836లో ఒప్పించినది ఆ షార్పాంటియేయే. ఆ ఇద్దరికే గ్రంథాన్ని అంకితమిచ్చుట న్యాయమే. ‘మంచుయుగం’ అనే మాటను 1837లో కల్పించిన షింపర్‌కు మాత్రం తగిన గౌరవం దక్కలేదు.

అసలు లోపం మరొకటి. ఆల్ప్స్ పుట్టకముందే ఉత్తరధ్రువం నుండి మధ్యధరా సముద్రం దాకా మంచు కప్పినదనీ, పర్వతాలు పైకి లేచినప్పుడు బండలు ఆ మంచుపై జారి జ్యూరా చేరినవనీ ఆగసీ ఊహ. హిమానీనదాలే ఆల్ప్స్ నుండి దిగివచ్చి బండలను మోసినవని షార్పాంటియే 1841లో వ్రాసినాడు. కాలం ఆయన పక్షాననే తీర్పు చెప్పినది.

శీతోష్ణస్థితి విషయంలో గ్రంథం మరీ బలహీనం. ఒక్కొక్క యుగాంతాన భూమి హఠాత్తుగా చల్లబడి జీవులన్నీ నశించినవంటాడు. మంచు చలికి ఫలితమే కాదు, కారణం కూడా అని ఆయనకు తోచలేదు. కొత్త మంచు తనపై పడిన సూర్యకాంతిలో నూటికి 80 పాళ్లకు పైగా తిప్పిపంపుతుంది. మంచు లేని నేల అధికభాగాన్ని పీల్చుకొంటుంది. మంచు పరచుకొన్నకొద్దీ చలి, కరిగినకొద్దీ వేడి హెచ్చుతవి. భూకక్ష్యలో కలిగే స్వల్ప మార్పులు మంచుయుగాలను తేగలుగుట ఇందువల్లనే. 1864లో క్రోల్ ఈ దారి చూపినాడు. 1976లో సముద్రగర్భపు ఒండ్రు దానికి గట్టి సాక్ష్యమిచ్చినది. ఆగసీ పరిశోధించిన ఊంటరార్ కూడా నేడు వేడిమికి క్షీణిస్తున్నది.

తరగతిలో రాళ్ల అధ్యాయాలను ఆగసీ పద్ధతిలోనే చెప్పవలెను. ఆయన తన పద్ధతిని తానే విడిచిన సందర్భమును కూడా పిల్లలకు చెప్పవలెను. 1865లో బ్రెజిల్ వెళ్లి, అమెజాన్ లోయను సైతం మంచు కప్పినదని ఆయన ప్రకటించినాడు. గీతలు పడిన శిల ఒక్కటైనా అక్కడ ఆయనకు దొరకలేదు.