రాగం ఎంతసేపు తీయాలి?

రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ముగించి, చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తూ ఉంటే ఎదురుగా కూర్చున్న దుర్యోధనుడు అంతసేపూ ఏం చేయాలి? ఈ కాలమ్ మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు ఇది కొత్త ప్రశ్న కాదు. నాటకం నాటకంలా ఉండాలి, కచేరీ కాకూడదు అన్నది నా పాత పట్టు. కౌరవసభలో సంధా, యుద్ధమా అని తేలే ఘడియలో మోహన రాగం మెట్లెక్కి దిగుతుంటే కథ అక్కడే నిలబడిపోతుందని ఎన్నోసార్లు రాశాను.

ఈ వారం ఆ పట్టుకు మరింత బలం దొరికింది. పాత గ్రామఫోను రికార్డుల్లోంచి ఎక్కించిన రంగస్థల పద్యాలను మా మేనల్లుడు ఫోనుకు పంపాడు. కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి, ఆ తరం గొంతులు. రికార్డు గరగర వెనక నుంచి వచ్చినా ఎంత నిబ్బరం! ఎత్తుగడలో చిన్న ఆలాపన, నాలుగు పాదాలు, ఆఖర్న ఒక విరుపు, అంతే. మాట ఎక్కడా నలగలేదు. తర్వాత వరుసగా ‘శ్రీకృష్ణావతారం’ సినిమా పద్యాలు పెట్టుకున్నాను. 1967లో వచ్చిన ఆ సినిమాలో ఎన్టీఆర్‌కు ఘంటసాల పాడిన రాయబారం పద్యాలు ఈనాటికీ పల్లెల్లో నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి పాఠం. అక్కడా రాగం పద్యాన్ని మించిపోదు. ఇంతటివాళ్లు ఇంత పొదుపుగా పాడితే, మనవాళ్లకు ఈ సాగదీత ఎందుకు?

దీనికి నాకు పెద్దల సాక్ష్యం కూడా ఉంది. బళ్లారి రాఘవ నటన ముందు, పాట తర్వాత అన్న మనిషి. పాత్ర బాధలో ఉన్నప్పుడు నటుడు రాగం చూసుకోవడం ఆయనకు గిట్టేది కాదు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులేమో తెలుగు నాటకంలోకి పాటలను, పద్యాలను మనసారా తెచ్చినవాడు. మేనమామ పెట్టిన పాటను మేనల్లుడు తగ్గించమన్నాడు. ఒకే ఇంట్లో పుట్టిన ఈ వాదంలో నేను ఎప్పుడూ మేనల్లుడి వైపే.

ఈ బలంతోనే హార్మోనియం మాస్టరు దగ్గరికి పోయాను. అయిజకు దగ్గరి పల్లెలో రాబోయే జాతరకు కురుక్షేత్రం వేస్తున్నారు, రాత్రిళ్లు రిహార్సల్ నడుస్తోంది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదులో సురభి మాయాబజార్‌నో, కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలో పద్యనాటకాన్నో టికెట్టు కొని చూసేవాళ్లకు మా దిక్కు నాటకం ఎట్లా తయారవుతుందో తెలియదు.

ఇక్కడ నాటకాన్ని ఊరే ఆడుకుంటుంది. పాత్రకు ఇంత అని ఎవరి వంతు వాళ్లు వేసుకుని మాస్టరును పిలిపించుకుంటారు. మాస్టరు ఊళ్లోనే ఉండిపోతాడు, వంతుల వారీగా అన్నం పెడతారు. కృష్ణుడు ఒక్కడితో సరిపోదు, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పంచుకుంటారు. అర్జునుడూ అంతే. డబ్బు వేసుకున్నవాళ్లందరికీ పద్యాలు దక్కాలి మరి. స్త్రీ పాత్రలకు కర్నూలు దిక్కు నుంచి ఆర్టిస్టులను మాట్లాడుకుంటారు. కిరీటాలు, డ్రెస్సులు, సీనరీలు అద్దెకు వస్తాయి. పొద్దంతా సీడు పత్తిలోనో మిరప చేలోనో పని చేసి వచ్చిన మనిషి రాత్రి కాళ్లు కడుక్కుని హార్మోనియం పక్కన కూర్చుంటాడు. కొందరికి అక్షరం రాదు. మాస్టరు పాదం పాదం నోటితో చెప్తాడు, వాళ్లు అంటారు. తిరుపతి వెంకటకవుల సమాసం తప్పకుండా నోట పలికేదాకా వదలడు. ఆ జంటకవులు సంస్థానాల కాలంలో మా గద్వాల, ఆత్మకూరు దర్బారులు చూసిపోయినవాళ్లే. వాళ్ల ‘పాండవోద్యోగ విజయాలు’ బళ్లో చదువుకున్నవాళ్ల కంటే చేలల్లో పని చేసేవాళ్ల నోటనే ఎక్కువ బతికి ఉన్నాయని నా గట్టి నమ్మకం. ఒక రైతు కళ్లు మూసుకుని కేదారగౌళలో ఒక పాదం నిలబెట్టినప్పుడు నాకు కలిగే గౌరవం ఏ పట్టా చూసినా కలగదు.

పాఠం అయ్యాక మాస్టరుతో అన్నాను. “రాగాలు కాస్త కుదిస్తే తెల్లారకముందే యుద్ధం సీనుకు పోవచ్చు గదా మాస్టరూ. ఈ రికార్డులు వినండి, ఎంత ముచ్చటగా పాడినారో.”

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. విని, “సారూ, ఈ రికార్డు ఒక పక్క ఎంతసేపు తిరుగుతది?” అని అడిగాడు.

మూడు నిమిషాలు, కొంచెం అటూ ఇటూ.

“మరి పద్యం దాంట్లనే పట్టాల గదా.”

ఆ మాట వింటే రికార్డులు వేరేగా వినబడతాయి. రామనాథశాస్త్రి పొదుపులో కొంత ఆయన విద్య, కొంత ఆ లక్క పళ్లెం కొలత. రికార్డు కొన్నవాళ్లు వన్స్‌మోర్ అనలేరు, అన్నా ఆ గొంతు వాళ్ల మాట వినదు. అదే నటులు వేదిక మీద ఎన్ని వన్స్‌మోర్‌లు అందుకున్నారో నాటకరంగం గురించి రాసిన పెద్దలు చెప్పారు. సినిమాకూ రీలు కొలత ఉంది. యంత్రం పెట్టిన గడువును కళ నియమంగా పల్లెమీద రుద్దడం న్యాయం కాదు.

పల్లె కొలత వేరు. 1880 ప్రాంతాల్లో ధార్వాడ కంపెనీలు వచ్చి ఆడిపోయినప్పుడు మనవాళ్లకు పట్టుకున్న మోజుల్లో ఆ హిందూస్థానీ వరసలు ఒకటి. మైకు లేని రోజుల్లో పెట్రోమాక్స్ వెలుగు అందని చివరి వరసకు కూడా మాట చేరాలంటే నాలుగు, ఐదు శ్రుతుల్లో ఎత్తుకోవాలి. అట్లా పెరిగింది ఈ గానం. ఇక కథ ఆగిపోతుందనే వాదన. కురుక్షేత్రం కథ తెలియనివాళ్లు ఆ మైదానంలో ఎవరున్నారు? సంధి కుదరదని చాప పరుచుకుని కూర్చున్న ముసలమ్మకూ తెలుసు. ఏమవుతుందో చూడడానికి ఆమె రాలేదు, మన ఊరి పిల్లవాడు ఆ పద్యాన్ని ఎట్లా దాటిస్తాడో వినడానికి వచ్చింది. తన సొంత డబ్బు వేసుకుని, నిద్ర మానుకుని నేర్చుకున్న ఆ పిల్లవాడికి ఏడాదిలో అదొక్కటే రాత్రి. ఆ గొంతుకు గడియారం పెట్టాలని నాకు ఇప్పుడు లేదు.

దుర్యోధనుడి సంగతి? దానికీ జవాబు ఆ రిహార్సల్‌లోనే ఉంది. కృష్ణుడు రాగం ఎత్తుకోగానే దుర్యోధనుడి కుర్రాడు దిక్కులు చూస్తుంటే మాస్టరు హార్మోనియం ఆపి కసిరాడు. “వాడు రాగం తీసినంతసేపు నీకు కోపం ఎక్కాల. లేసేది ఆఖర్న.” కుర్రాడు మళ్లీ కూర్చున్నాడు. ఈసారి తొడ మీద పిడికిలి మెల్లగా బిగుసుకుంటూ పోయింది, రాగం తారస్థాయికి పోయేసరికి సింహాసనం అంచుకు వచ్చేశాడు. రాఘవ కోరిన నటనకు ఇంతకంటే చోటెక్కడ దొరుకుతుంది? రాగం తగ్గిస్తే ఆ పిల్లవాడి అభినయమే తగ్గిపోతుంది.

నేను పట్టుబట్టాల్సింది వేరే విషయం మీద. చాలా ఊళ్లలో ఇప్పుడు కాలి హార్మోనియం స్థానంలో తాళం ముందే బిగించిన కీబోర్డు పెడుతున్నారు. కాలితో తొక్కే హార్మోనియంలో రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. పాడేవాడు ఊపిరి తీసుకుంటే ఆ సందును వాయించేవాడు నింపుతాడు, శ్రుతి జారితే అందుకుంటాడు, రాగం ఇంకా ఉందనిపిస్తే ఆగుతాడు. బిగించిన తాళం ఎవరి కోసమూ ఆగదు. దానితో పోటీపడే కుర్రాడు రాగాన్ని సాగదీయడమో మింగేయడమో చేస్తాడు. నన్ను ఇన్నేళ్లు విసిగించిన సాగదీతలో సగం దానిదే. అయిజ, గట్టు, మల్దకల్ దిక్కు జాతర కమిటీలకు నా విన్నపం ఇదే: డ్రెస్సులకు, లైట్లకు అడ్వాన్సు ఇచ్చేముందు హార్మోనియం మాస్టరును ఖాయం చేసుకోండి. ఆయన పక్కన నేర్చుకోవడానికి ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టండి, వాడి భోజనం ఖర్చు నాటకం లెక్కలోనే రాయండి.