ఫర్నివాల్ అంగడిలో కొరంగీలు

అల్పసంఖ్యాక వర్తకుల గురించి రాయమంటే మన విద్యార్థులు తప్పక ఉదహరించే గ్రంథం జె.ఎస్. ఫర్నివాల్ ‘కలోనియల్ పాలసీ అండ్ ప్రాక్టీస్’ (1948). భిన్న జాతులవారు ఎవరి మతం, ఎవరి భాష వారు ఉంచుకొని అంగడిలో మాత్రమే కలుసుకొంటారనీ, అలాంటిది ‘బహుళ సమాజం’ అనీ ఆయన ప్రతిపాదన. బర్మాలో ఉద్యోగం చేసిన వ్యక్తి మాట కనుక దానికి బరువుంది. కాని ఆ అంగడిలో మనవాళ్లు ఎక్కడ నిలబడ్డారని అడిగితే చిక్కు మొదలవుతుంది.

ముందు చెట్టియార్ల సంగతి. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో వారి చేతిలో ఉన్న భూమి 6 శాతం. 1938 నాటికి 25 శాతం. వారు కోరుకొన్నది భూమి కాదు, వడ్డీ. ధాన్యం ధర పడిపోయి అప్పులు తీరక తాకట్టు పొలాలు వారిమీద పడ్డాయి. వారి వడ్డీ స్థానిక వడ్డీవ్యాపారుల వడ్డీకంటె సాధారణంగా తక్కువే. కనుక కేవలం దురాశతో ఈ ద్వేషాన్ని వివరించలేం. కొత్త భూమి దొరికినన్నాళ్లూ రైతుకూ షావుకారుకూ పొసిగింది, బీడు అయిపోయాకే తగవు ముదిరింది అన్న మైఖేల్ ఆడస్ (‘ది బర్మా డెల్టా’, 1974) వాదన నాకు ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

ఇక కొరంగీలు. యానాం పక్కనున్న కొరంగి రేవు పేరే బర్మాలో తెలుగు కూలీకి జాతిపేరయింది. శ్రీకాకుళంవాడైనా అక్కడ కొరంగీయే. (మనవాళ్లు రంగూన్‌ను ‘రంగం’ చేసుకొన్నారు. బాకీ చెల్లు!) 1930 మేలో రంగూన్ రేవులో వీరు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకొన్నాయి. రాజీ కుదరగానే వారిని పొమ్మన్నాయి. అల్లర్లలో అధికారిక లెక్క ప్రకారమే వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది గజం భూమి లేని కూలీలు.

‘చెట్టియార్లు పొలాలు లాక్కొన్నారు, అందుకే భారతీయులను కొట్టారు’ అని పరీక్షల్లో రాసే వాక్యం ఇక్కడ నిలవదు. అప్పుల భారం అప్పటికే ఉంది, నిజమే; కాని పొలాల బదిలీలో పెద్దభాగం ఆ మే తరువాతిది. రేవులో ఎదురైనది కొనేవాడూ అమ్మేవాడూ కాదు, ఒకే కూలికి పోటీపడ్డ ఇద్దరు పేదలు. పైగా కొరంగీకి అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించిన మేస్త్రీ సాధారణంగా తెలుగువాడే. ఒకే భాష మాట్లాడేవారి మధ్య నడిచిన ఈ అప్పును ‘జాతుల అంగడి’ అనే చట్రం పట్టుకోలేదు. ఫర్నివాల్‌ను చదివేటప్పుడు నాకు వెలితిగా కనిపించేది ఇదే. బర్మీయులు మాత్రం అందరినీ ‘కలా’ అంటూనే చెట్టినీ కొరంగీనీ వేరుచేసి పిలిచారు.

1942 వలసలోనూ, 1964 జాతీయీకరణ తరువాతా తిరిగివచ్చినవారి జ్ఞాపకంగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది. ఆ కుటుంబాల వాడుకలో మేస్త్రీ, బాకీ, రంగం అనే మాటలు ఏ అర్థాల్లో మిగిలాయో పరిశోధక విద్యార్థి ఎవరైనా సేకరిస్తే బాగుంటుంది.