తిరగబడ్డ అక్షరాలు

గ్యాలరీల కన్నా ఫైన్ ఆర్ట్స్ కాలేజీల వార్షిక ప్రదర్శనలంటేనే నాకు ఇష్టం. గ్యాలరీలో వేలాడే బొమ్మని అప్పటికే ఎవరో ఏరి పెట్టి ఉంటారు. ఇక్కడ బాగా కుదిరినవీ, సగంలో ఆగినవీ, మార్కుల కోసం వేసినవీ పక్కపక్కనే ఉంటాయి. ఏరుకోవడం మన పని. ఈమధ్య హైదరాబాద్‌లో చూసిన ఒక ప్రదర్శనలో నేను ఏరుకున్నవి రెండు.

జనం ఎక్కువగా సెల్ఫీలు దిగిన గది గురించి ముందు ఒక మాట. ఎర్ర చీర, పెద్ద బొట్టు, ముక్కెర, భుజాన చిలక. తోట వైకుంఠం గారి ఆడవాళ్ళు అరడజను కాన్వాసుల మీద మళ్ళీ ప్రత్యక్షమయ్యారు. ఆయన అమ్మనీ, తన ఊరి ఆడవాళ్ళనీ చూసి గీశారు. ఈ పిల్లలు ఆయన్ని చూసి గీస్తున్నారు. చెయ్యి బాగానే తిరిగింది, కానీ అది ఏ ఊరి చిలకో వాళ్ళకి తెలీదు. ఇలాంటివే అమ్ముడుపోతాయని ఇరవయ్యేళ్ళకే అర్థమైపోయిన వాళ్ళని తప్పుపట్టాలనీ లేదు. రెండు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

వరండాలో ఒక నులక మంచం, దాని మీద బొంత. పాత డెలివరీ టీషర్టులు కత్తిరించి కుట్టింది. పక్కనే అట్టముక్క మీద పేజీడు కాన్సెప్ట్ నోట్: శ్రామిక దేహం, అస్తిత్వం, నగరం వగైరా. కోడ్ సరిగ్గా రాయలేనప్పుడు మేం పెట్టే కామెంట్లు గుర్తొచ్చాయి. ఆ నోట్ చదవకుండా బొంత ముట్టుకుంటే చాలు (ముట్టుకోవచ్చని రాసుంది). మన ఇళ్ళల్లో బొంత అంటే ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు. ఇది పాలిస్టర్. చెమట పీల్చదు, జారిపోతుంది, దబ్బనంతో కుట్టిన చోటల్లా గుడ్డ ముడుచుకుపోయింది. కప్పుకుంటే నిద్ర పట్టదు. నోట్‌లో లేనిది ఇదే.

నాకు అన్నిటికంటే నచ్చింది మెట్ల కింద, వెలుతురు సరిగ్గా పడని చోట ఉంది. నోట్‌బుక్ పేజీ అంత ఎచింగ్. శీర్షిక లేదు, నోట్ లేదు. ఇరుకు సందు, మూసిన షట్టర్లు, వైర్లు, వరసగా దుకాణాల బోర్డులు. మనుషులు లేరు. బోర్డుల మీద తెలుగు అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

ఎచింగ్‌లో జింక్ ప్లేటుకి మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. పూత లేచిన చోట యాసిడ్ లోహాన్ని తింటుంది. ఆ గాట్లలో ఇంకు నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. కుడి ఎడమవుతుంది. అక్షరం సరిగ్గా పడాలంటే ప్లేటు మీద తిప్పి రాయాలి. విద్యార్థి కంగారులో మర్చిపోయిందనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే కరెంటు స్తంభానికి అంటించిన చిన్న కాగితం మీద ‘అద్దెకు’ అని సరిగ్గానే ఉంది. ఆ ఒక్కటీ తిప్పి రాసింది.

ఆ కాగితం కనపడ్డాక సందు మొత్తం మారిపోయింది. ఊరికి కొత్తగా వచ్చి గది వెతుక్కునే మనిషికి మిగతా బోర్డులు పట్టవు, అవి ఆకారాలే. తలకట్లు అటు తిరిగిపోయాయి, సున్నా మాత్రం ఎటు తిప్పినా సున్నాయే. సందులో మనుషులెందుకు లేరో కూడా తెలిసింది. ఉన్న ఒక్క మనిషీ చూస్తోంది.

ఆకాశమంతా ఆక్వాటింట్‌తో నల్లగా నింపడం మాత్రం నాకు నచ్చలేదు. బోర్డులు వాటంతటవే చేస్తున్న పనిని ఆ నలుపు గట్టిగా అరిచి చెప్తోంది.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో చదివి, తన ఊరి మనుషుల్నీ మేకల్నీ ఎచింగుల్లోకి తెచ్చారు. ఆయన వారసత్వం మేకలే అనుకునే కాపీలు మనకి చాలానే ఉన్నాయి. ఈ సందులో మేక లేదు, కానీ తను తిరిగిన చోటుని వదలకుండా చూడటం ఉంది. ఆయన పక్కన పెట్టి చూడాల్సింది దీన్నే అంటాను.

ప్రింట్ కింద పెన్సిల్‌తో 2/5 అని ఉంది. మిగతావి ఎక్కడున్నాయని అడిగాను.

“రెండే తీశాను సార్. ఇది ఫైనలియర్ కదా, మా బ్యాచ్ ఖాళీ చేసేలోపు ప్రెస్సు దొరికితే మిగతా మూడూ తీస్తాను. బయట ప్రెస్సు ఎక్కడుందో మీకేమైనా తెలుసా?”