ముసుగు, గుమ్మము, పండుగరాత్రి

రసములు ఎనిమిది యని చెప్పిన భరతముని భయానకమునకును బీభత్సమునకును వేరువేరు పీఠములు వేసెను. భయానకమునకు స్థాయి భయము. బీభత్సమునకు స్థాయి జుగుప్స. ఈ రెండింటిని ఒకటిగా కలిపి చూచు అలవాటు నేటి చలనచిత్ర ప్రేక్షకులలోను, వారిని మందలించు పెద్దలలోను గూడ కలదు. కత్తియు, ముసుగును, చీకటియు తెరపై కనబడినంతనే ఇది నీచమైన చిత్రమని తీర్పు చెప్పి లేచిపోవుట సులభము. అట్లు లేచిపోవుటకు ముందు ఆ జాతి చిత్రములలో మేలైనదానిని ఒక్కదానినైనను ఓపికతో పరిశీలించుట న్యాయము. అందులకై 1978వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘హాలోవీన్’ అను చిత్రమును గైకొనుచున్నాను.

పీలమేడు తెలుగు కుటుంబములకు ఈ పేరు కొత్తది కాదు. చదువులకును ఉద్యోగములకును అమెరికా వెళ్లి స్థిరపడిన మన పిల్లలు ఏటేట అక్టోబరు 31వ తేదీన తమ బిడ్డలకు వేషములు వేసి ఛాయాచిత్రములు పంపుచునే యున్నారు. క్రైస్తవులకు నవంబరు 1వ తేదీ సకల పునీతుల పండుగ. ఆ మరునాడు మృతులను స్మరించు దినము. ఆ పండుగకు ముందురాత్రియే హాలోవీన్. మనకు మహాలయ అమావాస్య యెట్లో, వారికి ఆ దినములు పోయినవారిని తలచుకొను దినములు. కాలక్రమమున ఆ రాత్రి పిల్లల వేడుకగా మారినది. ముసుగు వేసికొనిన పిల్లలు ఇల్లిల్లు తిరిగి తలుపు తట్టుదురు. గృహస్థులు మిఠాయి పెట్టి పంపుదురు. అనగా, గుమ్మములో నిలిచిన ముసుగుమనిషిని చూచి ఎవరును జంకని రాత్రి సంవత్సరములో అదొక్కటే. ఈ చిత్రకథకు ఆధారము ఆ ఒక్క విషయమే.

ఈ చిత్రమును తీసిన జాన్ కార్పెంటర్ అప్పటికి ముప్పది యేండ్ల యువకుడు. కథారచనలో తోడ్పడి నిర్మాణభారము వహించినది డెబ్రా హిల్ అను యువతి. వ్యయము సుమారు 3 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలలో అది చిల్లర. కథ జరుగునది ఇల్లినాయ్ రాష్ట్రములోని హాడన్‌ఫీల్డ్ అను కల్పిత గ్రామమున, ఆకు రాలు కాలమున. చిత్రమును తీసినది కాలిఫోర్నియాలో, వసంత ఋతువున. కావున ఆకులకు రంగు వేసి వీథిలో చల్లి, ఆ దృశ్యము ముగియగనే ఏరి, మరల మరియొక వీథిలో చల్లిరి. హంతకుని ముసుగు అంగడిలో రెండు డాలర్లకు లోపుగా కొనినది. ఒక దూరదర్శన ధారావాహికలోని నాయకుని ముఖమునకు అచ్చుగా చేసిన ఆ ముసుగునకు తెల్లరంగు పూసి, కంటిరంధ్రములు పెద్దవి చేసిరి. ఇంత పేదరికములో పుట్టిన చిత్రము ప్రపంచమంతట సుమారు 7 కోట్ల డాలర్లు ఆర్జించినది. 2006లో అమెరికా దేశపు జాతీయ చలనచిత్ర పట్టికలోను చోటు సంపాదించినది.

ఆర్జన గుణమునకు ప్రమాణము కాదు. ఈ చిత్రపు గుణము దాని మితత్వమున నున్నది. నేటి ప్రేక్షకుడు ఇందులో రక్తమునకై వెదకినచో నిరాశపడును, చూపినది అత్యల్పము. ఆరంభ దృశ్యములో, 1963 నాటి పండుగరాత్రి, ఎవరిదో యొక చూపు ఇంటిచుట్టును తిరిగి, వంటయింట కత్తి గైకొని, ముసుగు ధరించి మేడ నెక్కును. ముసుగు కంటిరంధ్రములగుండ మనమును చూచుచుందుము. ఒక యువతి హత్య జరుగును. పిమ్మట వీథిలో తల్లిదండ్రులు ఆ ముసుగు తొలగింపగా కనబడునది ఆరేండ్ల బాలుని ముఖము. చచ్చినది వాని అక్క. ప్రేక్షకుని కన్నును హంతకుని కన్నుగా చేసి, పిదప ఆ కన్ను ఎవరిదో తెలిపి సిగ్గుపరచుట ధనముతో సాధ్యమయ్యెడు పని కాదు.

పదునైదేండ్ల తరువాత ఆ బాలుడు, మైకేల్, చికిత్సాలయమునుండి తప్పించుకొని సొంతయూరు చేరును. పగటివేళ వాడు వీథిమొగను నిలుచుండును, కంచెచాటున నిలుచుండును, ఆరవేసిన బట్టలనడుమ నిలుచుండును. అంతకన్న ఏమియు చేయడు. భయమునకు ఆలంబనము పట్టపగలు, పరిచితమైన వీథిలో కనబడుటయే ఇందలి నేర్పు. సంగీతమును కార్పెంటరే కూర్చెను. అయిదు మాత్రల నడక గల చిన్న పియానో పలుకు అది. ఖండచాపు ఎరిగిన మన చెవికి ఆ లెక్క కొత్త కాదు. మన తాళము అయిదింటిని తెచ్చి సమముమీద దింపి ఊరట నిచ్చును. ఇక్కడ అది దిగక, తిరిగి తిరిగి మొదటికే వచ్చును. ఆ అశాంతియే భయమునకు శ్రుతి.

ముసుగు మన చిత్రములకును చుట్టమే. మన కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధిపతి ఎస్. ఎం. శ్రీరాములు నాయుడుగారు 1954లో ‘మలైక్కళ్లన్’ను తమిళమునను, ‘అగ్గిరాముడు’ను తెలుగునను తీసినారు. అందు దొంగ వేషము చాటున దాగినవాడు సజ్జనుడు. వేషము తొలగినపుడు సత్యము బయటపడును. మన కథలలో ముసుగు ఒక ప్రశ్న. దాని వెనుక సమాధానము తప్పక ఉండును. ‘హాలోవీన్’లో చివర ఒక క్షణము ముసుగు జారును. కనబడునది సామాన్యుడైన యువకుని ముఖము. సమాధానము లేదు.

ఇది లోపమని కొందరందురు, నేను గుణమందును. కారణము చెప్పుటకు ఒక పోలిక కావలెను. ఈ చిత్రము వెలువడిన అక్టోబరు నెలలోనే భారతీరాజా ‘సిగప్పు రోజాక్కళ్’ తమిళమున విడుదలయ్యెను. 1979లో ‘ఎర్ర గులాబీలు’ అను పేర తెలుగువారికి వచ్చెను. స్త్రీలను చంపి తోటలో పూడ్చు ధనికుని కథ అది. కమలహాసన్ నటనయు, ఇళయరాజా సంగీతమును మరపురానివి. కాని హంతకునికి బాల్యములో స్త్రీలవలన అపకారము జరిగినదని అందు కారణము చూపినారు. కారణము చూపుటలో తెలియకయే దోషము సగము హతులమీదికి జారినది. ‘హాలోవీన్’ కారణము చెప్పక ఆ అన్యాయము తప్పించుకొన్నది.

ఐనను ఈ చిత్రము నిర్దోషి కాదు. ప్రియులతో విహరించిన యువతులు చచ్చి, నియమముగా నుండిన లారీ అను విద్యార్థిని బ్రతుకుట నీతిదండనముగా కనబడునని విమర్శకులు ఆక్షేపించిరి. కార్పెంటర్ దాని నంగీకరింపలేదు. కథను పట్టి చూచినచో లారీని కాపాడినది నియమము కాదు, తనకు అప్పగించిన బిడ్డలయందలి శ్రద్ధ. ఐనను, చంపబోవు స్త్రీని ముందు అర్ధనగ్నముగా చూపు తీరు సంస్కారవంతము కాదు. ఈ చిత్రము ననుకరించి తరువాతి యేండ్లలో వచ్చిన చిత్రములు దీని మితమును విడిచి ఈ దోషమునే పెంచి, భయానకమును బీభత్సములోనికి దించినవి.

ఇక ఈ చిత్రమును మనవారు ఏల చూడవలెనో చెప్పుదును. లారీ కావలియున్న టామీ అను బాలుడు ఎదురింట బూచివాడున్నాడని పదే పదే చెప్పును. ఎవరును నమ్మరు, లారీయు నమ్మదు. పిమ్మట ప్రాణము అరచేత పెట్టుకొని ఆమె ఒక పొరుగింటి తలుపు బాదును. లోపల దీపము వెలుగును; ఎవరో తెర తొలగించి చూతురు; దీపము ఆరిపోవును. పండుగ రాత్రి, ముసుగు వేసిన ప్రతివానికిని తెరచుకొన్న తలుపు, ముసుగులేని ఏడ్పునకు తెరచుకొనలేదు. చివరకు ఆమెకు తలుపు తీసినది ఆ బాలుడే. చిత్రమంతటిలోను నాకు మిక్కిలి భయము గొలిపిన ఘట్టమిదియే. ఇందు కత్తి లేదు.

శతాబ్దముల క్రిందట తెలుగుసీమ విడిచి ఈ కొంగునేలకు వచ్చిన మన పూర్వులు పరభాషల నడుమ నిలువగలిగినది కోటగోడల బలమున కాదు. తమిళుల గుమ్మము మనకును, మన గుమ్మము వారికిని తెరచియుండుటవలన. ఉగాది పచ్చడియు, పొంగలియు ఆ గుమ్మములగుండనే రాకపోకలు సాగించినవి. పీలమేడు నగరములో కలిసి, ఇండ్లు అంతస్తులై, తలుపులకు గాజుకన్నులు అమరిన ఈ దినములలో, లోపలనుండి చూచి దీపమార్పుట మనకును సులభమైనది. పండుగనాడు ఎవరికి తలుపు తీసితిమన్నది గొప్ప కాదు. పండుగ కాని రాత్రి ఎవరికి తీయుదుమన్నదే పరీక్ష. రెండు డాలర్ల ముసుగుతో తీసిన చిత్రము ఈ ప్రశ్న వేయగలిగినది. బిడ్డలు దీనిని చూచుచున్నారని కోపించుటకంటె, తగిన వయస్సు వచ్చినవారితో కూర్చుండి చూచి, ఆ దీపము ఆరిన చోట ఆపి మాటలాడుట మేలు.